విద్యలో థింసా నృత్యం

థింసా నృత్యం తూర్పు కనుమలలోని అరకు లోయలోను, దాని పరిసరాలలోని మన్యం గ్రామాలలోను గిరిజనులు ఆడే సాంప్రదాయక సామూహిక నృత్యం. దీనిని ధింసా, దింసా అని కూడా రాస్తారు. సరిహద్దుకు ఆవల ఒడిషా రాష్ట్రంలోని కొరాపుట్ ప్రాంతంలో ఇదే కుటుంబానికి చెందిన నృత్యాన్ని ధెంసా అంటారు. ఇది ఏ ఒక్క తెగకో పరిమితం కాకపోవడం దీని ప్రత్యేకత. వాల్మీకి, బగత, ఖోండు, కోటియా మొదలైన తెగల వారు దీనిని ఆడతారు. స్త్రీలు, పురుషులు, పిల్లలు, వృద్ధులు ఒకే వరుసలో చేతులు కలుపుతారు.

భిన్న భాషలు, భిన్న ఆచారాలు గలవారు కలిసి జీవించడం ఎలాగో పిల్లలకు నృత్యం, నాటకం ద్వారా నేర్పవచ్చునని విద్యావేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. అరకు లోయలో ఈ పని పాఠశాలలు రాకముందే గ్రామంలోని ఆరుబయట జరిగేది. నేడు థింసా పాఠశాల వేదికలకు, పర్యాటక కేంద్రాలకు చేరింది. అక్కడ అది ఇంకా వైవిధ్యాన్ని నేర్పుతున్నదా, లేక అన్ని తెగలనూ ఒకే 'గిరిజన నృత్యం' అనే పేరు కింద కలిపివేస్తున్నదా అనేది మన్యం విద్యకు సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న.

## లోయ, తెగలు, భాషలు

అరకు లోయ విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. పూర్వం విశాఖపట్నం జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఇది రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు వర్తించే ప్రాంతం.

బగత, వాల్మీకి, కొండదొర, ముకదొర, కోటియా, ఖోండు, పోర్జ, గదబ, కొండకమ్మర మొదలైన తెగలు ఇక్కడ పక్కపక్కనే నివసిస్తున్నాయి. వీరిలో వ్యవసాయదారులు, చిన్న వర్తకులు, కమ్మరి పనివారు ఉన్నారు. గదబ, పోర్జ, ఖోండు తెగలలోని కొన్ని శాఖలను ప్రభుత్వం ప్రత్యేకంగా వెనుకబడిన ఆదిమ తెగలుగా గుర్తించింది.

భాషల విషయంలో ఈ ప్రాంతం మరింత విశేషమైనది. ఖోండుల కువి భాష, కొండదొరల కొండ భాష (దీనినే కూబి అంటారు) తెలుగు వలెనే ద్రావిడ భాషలు. గదబలలో ఒక శాఖ మాట్లాడే గుతొబ్, పోర్జలలో ఒక శాఖ మాట్లాడే పరెంగి ముండా భాషలు. ఇవి ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానికి చెందినవి. కోటియాల ఆదివాసీ ఒరియా ఇండో-ఆర్య భాష. అంటే పరస్పర సంబంధం లేని మూడు భాషా కుటుంబాలు ఒకే కొండల నడుమ వినిపిస్తాయి. గదబ అనే పేరు కూడా ఒకే భాషను సూచించదు. గుతొబ్ గదబలది ముండా భాష కాగా, ఒల్లరి గదబలది ద్రావిడ భాష. పరెంగి నేడు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న భాషలలో ఒకటి.

వేర్వేరు తెగల వారు సంతలో గాని, పండుగలో గాని కలిసినప్పుడు మాట్లాడుకోవడానికి ఆదివాసీ ఒరియా ఉమ్మడి భాషగా ఉపయోగపడుతున్నది. తెలుగు ప్రభుత్వ కార్యాలయాలకు, పాఠశాలకు సంబంధించిన భాషగా వ్యాపించింది.

## నృత్య స్వరూపం

థింసా ముఖ్యంగా చైత్రమాసంలో (మార్చి-ఏప్రిల్) జరిగే ఇటుకల పండుగలోను, పెళ్ళిళ్ళలోను, గ్రామదేవతల జాతరలలోను, కొత్త పంటల పండుగలలోను ఆడతారు. ఇటుకల పండుగ రోజులలో పురుషులు అడవికి వేటకు వెళ్ళడం, స్త్రీలు దారులకు అడ్డంగా కర్రలు పెట్టి బాటసారుల వద్ద డబ్బులు వసూలు చేయడం ఆచారం.

నృత్యంలో పాల్గొనేవారు పక్కవారి వీపు వెనుక నుండి చేతులు పోనిచ్చి ఒకరినొకరు గట్టిగా పట్టుకుంటారు. ఈ గొలుసు ముందుకు, వెనుకకు కదులుతూ, వలయంగా తిరుగుతూ, పాము చుట్ట వలె చుట్టుకొని మళ్ళీ విడివడుతుంది. స్త్రీలు చీరను మోకాళ్ళ వరకు కట్టి భుజం మీద ముడి వేస్తారు. కాళ్ళ అందెల చప్పుడు తాళానికి తోడవుతుంది.

మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు ఇందులోని వాద్యాలు. మోరి సన్నాయి వంటి ఊదు వాద్యం. తుడుము, డప్పు, కిరిడి తోలు వాద్యాలు. అడుగు మార్చవలసిన సమయాన్ని వాద్యకారులే సూచిస్తారు.

### రకాలు

థింసాలో ఎనిమిది రకాలు ప్రసిద్ధమైనవి.

- బొడ థింసా: గ్రామదేవత గౌరవార్థం ఆడేది. కుడివైపు పురుషులు, ఎడమవైపు స్త్రీలు రెండు వరుసలుగా నిలుస్తారు. కుడి వరుసలోని మొదటి వ్యక్తి నెమలి ఈకల కుచ్చు చేతబట్టి నడిపిస్తాడు. ఎడమ వరుసలోని చివరి వ్యక్తి అతనితో కలుస్తాడు. అందరూ వంకరటింకరగా సాగి, వలయం చుట్టి, 'హరి', 'హుయ్' అని కేకలు వేస్తూ మళ్ళీ వరుసలోకి వస్తారు.
- గుండేరి థింసా: దీనినే ఉస్కు థింసా అని కూడా అంటారు. ఒక పురుషుడు పాట పాడి స్త్రీలను నృత్యానికి ఆహ్వానిస్తాడు. తరువాత అందరూ వలయంగా ముందుకు, వెనుకకు అడుగులు వేస్తారు.
- గొడ్డిబేట థింసా: ముందుకు వంగి, ఊగుతూ పైకి లేస్తూ సుమారు 25 అడుగులు ముందుకు వెళ్ళి, అదే విధంగా వెనుకకు వస్తారు. ఇలా నాలుగైదు సార్లు చేస్తారు.
- పొతర్ తోలా థింసా: ఆకులు ఏరడాన్ని సూచించేది. వెనుక వరుసలోని వారు ముందు వరుసలోని వారి భుజాలపై చేతులు వేసి, తలలు కుడి ఎడమలకు తిప్పుతూ నడుస్తారు.
- బాగ్ థింసా: పులి బారి నుండి తప్పించుకోవడాన్ని చూపేది. సగం మంది చేతులు కలిపి వలయంగా, మునివేళ్ళపై నిలబడి తలలు వంచుతూ ఎత్తుతూ ఉంటారు. మిగిలినవారు వేగంగా తిరుగుతూ పాము చుట్టలా చుట్టుకుంటారు.
- నాటికారి థింసా: ఎవరికి వారు విడిగా ఆడేది. వాల్మీకి తెగవారు దీపావళి నాడు దీనిని ప్రత్యేకంగా ఆడతారు.
- కుండ థింసా: లయకు అనుగుణంగా ఊగుతూ ఒకరినొకరు భుజాలతో నెట్టుకుంటారు.
- బాయా థింసా: గ్రామదేవత పూనిన మంత్రగాడిని శాంతింపజేయడానికి గ్రామస్థులందరూ తలలు వంచి అతని కదలికలను అనుసరిస్తూ ఆడేది.

ఈ పేర్లలో బొడ (పెద్ద), బాగ్ (పులి), పొతర్ (ఆకు), బాయా (వెర్రి) మొదలైనవి ఆదివాసీ ఒరియా మాటలు. ఇంట్లో కువి మాట్లాడే వారూ, తెలుగు మాట్లాడే వారూ కూడా నృత్యానికి వచ్చేసరికి ఇవే పేర్లు వాడతారు. ఉమ్మడి భాష ఉన్నచోట ఉమ్మడి నృత్యం ఎలా పెరుగుతుందో ఈ పేర్లే తెలుపుతున్నాయి.

## నృత్యం నేర్పే పాఠం

ఒక గ్రామంలోని నర్తకులు మరొక గ్రామానికి వెళ్ళి అక్కడివారితో కలిసి ఆడి, తరువాత అందరూ కలిసి భోజనం చేసే ఆచారాన్ని సంకిడి కెల్బార్ అంటారు. కెల్బార్ అంటే ఆడటం. ఇక్కడ అతిథులు కేవలం ప్రేక్షకులుగా ఉండరు. వచ్చినవారు వరుసలో చేరవలసినదే. పాట భాష పూర్తిగా అర్థం కాకపోయినా అడుగు కలపవచ్చు. అడుగు కలిపిన పిల్లవాడికి పక్క ఊరివారి పాట పరాయి పాటగా తోచదు.

థింసాలో ఒకరికొకరు చేతులు పట్టుకోవడం కేవలం అలంకారం కాదు. గొలుసులో ఒకరు తడబడితే పక్కవారికి వెంటనే తెలుస్తుంది. నేర్చినవారు కొత్తవారిని తమ మధ్య నిలుపుకొని నడిపిస్తారు. పిల్లలు ఈ నృత్యాన్ని పెద్దల పక్కన నిలబడి ఆడుతూనే నేర్చుకుంటారు. విడిగా గురువు గాని, శిక్షణ తరగతి గాని ఉండదు. బాగ్ థింసా వంటి రకాలలో ఒకరు మెలకువగా ఉండటం అందరి క్షేమానికి ఎంత అవసరమో ఆట రూపంలోనే తెలుస్తుంది.

అయితే ఈ చిత్రానికి మరొక పార్శ్వం ఉన్నది. కలిసి ఆడినంత మాత్రాన తెగల మధ్య హెచ్చుతగ్గులు లేవని అనుకోరాదు. కొరాపుట్ ప్రాంతంలో చాలా తెగల ఉత్సవాలకు డోంబు కులస్థులే వాద్యకారులు. వారి వాద్యం లేనిదే నృత్యం లేదు. అయినా సామాజికంగా వారిని తక్కువగా చూడటం వాడుకలో ఉన్నది. వాద్యం వాయించేవారికి, నృత్యం చేసేవారికి మధ్య ఉన్న ఈ దూరాన్ని కూడా వైవిధ్యాన్ని గురించిన పాఠంలో చెప్పవలసి ఉంటుంది. పండుగ నాటి కలయికను మాత్రమే చూపి, మిగిలిన రోజుల సంగతిని దాచినచో పాఠం సగమే అవుతుంది.

## పాఠశాలలో థింసా

మన్యంలోని పిల్లలలో చాలామంది ఆశ్రమ పాఠశాలలలోను, గురుకులాలలోను చదువుతున్నారు. ఇవి చదువు, వసతి ఒకేచోట కల్పించే ప్రభుత్వ సంస్థలు. రోడ్లు లేని కొండ గ్రామాల పిల్లలకు వీటివల్ల చదువుకొనే అవకాశం కలిగింది. వేర్వేరు తెగల పిల్లలు ఒకే వసతి గృహంలో కలిసి పెరగడం కూడా ఇక్కడే మొదలవుతుంది.

కాని దీనికి మూల్యం కూడా ఉన్నది. థింసా నేర్చుకొనేది గ్రామంలో, పండుగ నాడు, పెద్దల పక్కన. పాఠశాలలోని పిల్లవాడు సంవత్సరంలో ఎక్కువ కాలం గ్రామానికి దూరంగా ఉంటాడు. ఇటుకల పండుగ జరిగే చైత్రమాసం సరిగా వార్షిక పరీక్షల కాలంతో కలుస్తుంది. ఈ విధంగా, నృత్యాన్ని నేర్చుకొనే వయసు, నేర్పే సమయం రెండూ పాఠశాల పరిధిలోకి వెళ్ళిపోయాయి. కాబట్టి థింసా తరువాతి తరానికి అందాలంటే పాఠశాల కూడా పూనుకోవలసి ఉంటుంది.

నేడు పాఠశాలలలో థింసా ఎక్కువగా స్వాతంత్ర్య దినోత్సవం, గణతంత్ర దినోత్సవం, పాఠశాల వార్షికోత్సవం, ఆగస్టు 9న జరిగే ప్రపంచ ఆదివాసీ దినోత్సవం వంటి సందర్భాలలో కనిపిస్తుంది. 1982లో ఆదిమవాసీ జనసమూహాల విషయమై ఐక్యరాజ్యసమితి కార్యవర్గం మొదటిసారి సమావేశమైన రోజుకు గుర్తుగా, 1994లో ఐక్యరాజ్యసమితి ఈ దినోత్సవాన్ని ప్రకటించింది.

### మాతృభాష, ఉపాధ్యాయుడు

నృత్యాన్ని పాటల నుండి, పాటలను భాష నుండి వేరు చేయలేము. అందుచేత పాఠశాలలో థింసా స్థానం మాతృభాషా బోధనతో ముడిపడి ఉన్నది. తూర్పు కనుమలలో ఈ విషయంలో మార్గదర్శకుడు గిడుగు వెంకట రామమూర్తి (1863-1940). ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాసి సవర పిల్లలకు పాఠశాలలు నడిపాడు. ఆయన రచించిన సవర భాషా బోధిని 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. పిల్లలను తన భాషకు రప్పించే ముందు ఉపాధ్యాయుడే పిల్లల భాషకు వెళ్ళడం ఆయన పద్ధతి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషలలో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్యను ప్రారంభించింది. ఈ భాషల వాచకాలను తెలుగు లిపిలో ముద్రించారు. స్థానిక కథలు, పాటలు, పండుగలు పాఠాలలోకి వచ్చాయి. ఈ ఎనిమిదింటిలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా అరకు ప్రాంతంలో వినిపించే భాషలు. గుతొబ్, పరెంగి వంటి చిన్న భాషలకు ఈ అవకాశం దక్కలేదు.

ఉపాధ్యాయుల నియామకం మరొక ముఖ్యమైన అంశం. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలలలోని ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరి 10న ప్రభుత్వం జీవో 3 జారీచేసింది. నూరు శాతం కేటాయింపు రాజ్యాంగ సమ్మతం కాదని సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న ఈ ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికి జరిగిన నియామకాలకు షరతులతో రక్షణ కల్పించింది. పిల్లల భాష, పాట, అడుగు తెలిసిన ఉపాధ్యాయుడు తరగతిలో ఉండాలన్న కోరికకు, ఉద్యోగాలలో అందరికీ సమాన అవకాశం ఉండాలన్న సూత్రానికి మధ్య నున్న ఘర్షణ ఈ వివాదంలో స్పష్టమైంది.

### చట్టాలు, విద్యా విధానాలు

విశిష్టమైన భాష, లిపి, సంస్కృతి గల ప్రజలకు వాటిని కాపాడుకొనే హక్కును రాజ్యాంగంలోని 29వ అధికరణం ఇస్తున్నది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని 350-ఎ అధికరణం చెబుతున్నది. 2009 విద్యాహక్కు చట్టం కూడా, సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని పేర్కొన్నది.

2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రం కోసం తయారైన పత్రాలలో ఒకటి ప్రత్యేకంగా చిత్రకళ, సంగీతం, నృత్యం, నాటకాలకు సంబంధించినది. పదవ తరగతి వరకు కళలు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండాలని అది సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం ఇతర విషయాలను కూడా కళలతో జోడించి బోధించాలని చెప్పింది. 2015లో కేంద్ర ప్రభుత్వం ఉన్నత పాఠశాల స్థాయి విద్యార్థులకు కళా ఉత్సవ్ పోటీలను ప్రారంభించింది. అంతర్జాతీయంగా, యునెస్కో 2001లో సాంస్కృతిక వైవిధ్యంపై సార్వజనీన ప్రకటన చేసింది. మే 21ని సాంస్కృతిక వైవిధ్య దినంగా పాటిస్తున్నారు.

## నాటకం

నృత్యం కలిసి నడవడం నేర్పితే, నాటకం మరొకరి స్థానంలో నిలబడి చూడటం నేర్పుతుంది. నాటకాన్ని తరగతి బోధనలో భాగం చేసే ఉద్యమం 1965లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో బెల్‌గ్రేడ్ థియేటర్ వారి ప్రయత్నంతో మొదలైంది. భారతదేశంలో జాతీయ నాటక పాఠశాల 1989లో పిల్లల కోసం ప్రత్యేకంగా విద్యా నాటక బృందాన్ని ఏర్పాటు చేసింది. బ్రెజిల్ దేశస్థుడైన అగస్టో బోల్ (1931-2009) ప్రవేశపెట్టిన చర్చా నాటక పద్ధతిలో ప్రేక్షకుడే లేచి వచ్చి పాత్ర స్థానంలో నిలబడి, కథను మరొక విధంగా నడిపించవచ్చు. పశ్చిమ బెంగాల్‌లో 1985 నుండి పనిచేస్తున్న జన సంస్కృతి సంస్థ ఈ పద్ధతిని గ్రామాలకు తీసుకువెళ్ళింది.

తెలుగు ప్రాంతాలలో వీధి నాటకం, బుర్రకథ, జముకుల కథ వంటి రూపాలు చదువురాని వారికి కూడా విషయం చేరవేసే సాధనాలుగా ఉన్నాయి. 1990లో జరిగిన భారత జ్ఞాన విజ్ఞాన జాతా, తరువాతి అక్షరాస్యతా ఉద్యమాలు కళాజాతల ద్వారా పాట, నాటికలను ఊరూరా ప్రదర్శించాయి. అరకుకు పొరుగున ఉన్న కొరాపుట్ ప్రాంతంలో స్థానిక భాషలో ఆడే దేశియా నాట్ అనే జానపద నాటక సంప్రదాయం ఉన్నది.

సమాజం చిన్నచూపు చూసే వర్గానికి చెందిన యువకులే నాటకాన్ని చేపట్టిన సందర్భానికి అహ్మదాబాదులోని బుధన్ థియేటర్ మంచి ఉదాహరణ. బ్రిటిష్ వారి కాలంలో నేరస్థ జాతిగా ముద్రపడిన ఛారా తెగ యువకులు దీనిని 1998లో స్థాపించారు. పశ్చిమ బెంగాల్‌లో పోలీసు నిర్బంధంలో మరణించిన బుధన్ శబర్ అనే గిరిజనుడి పేరు దానికి పెట్టారు. ఇక్కడ ప్రేక్షకులకు తెగను గురించి చెప్పేది బయటివారు కాదు, ఆ తెగవారే. వైవిధ్యాన్ని గురించిన నాటకానికి ఈ భేదం చాలా ముఖ్యమైనది.

ఛత్తీస్‌గఢ్‌లో హబీబ్ తన్వీర్ (1923-2009) గ్రామీణ కళాకారులను వారి మాటలోనే నటింపజేసి, 1959లో స్థాపించిన నయా థియేటర్ ద్వారా దేశవిదేశాలలో ప్రదర్శించాడు. తమ ఇంటి భాష వేదిక మీద వినిపించగలదన్న నమ్మకం గిరిజన విద్యార్థికి కూడా ఇటువంటి ఉదాహరణల వల్ల కలుగుతుంది.

## బోధనా విధానం

థింసాను వైవిధ్య బోధనకు ఉపయోగించడంలో కింది అంశాలు తోడ్పడతాయి.

1. పేర్లతో మొదలుపెట్టడం. ఒక నృత్య రకం పేరు తీసుకొని, దానిలోని మాటకు తరగతిలోని పిల్లల ఇళ్ళలో ఏయే మాటలు ఉన్నాయో అడిగి నల్లబల్ల మీద రాయడం. ఆకు, పులి వంటి సామాన్య పదాలకే మూడు నాలుగు భాషల రూపాలు వస్తాయి. ఏ భాషలూ రాని మైదాన ప్రాంతపు ఉపాధ్యాయుడు కూడా ఈ పాఠాన్ని పిల్లల సహాయంతోనే నడపగలడు.
2. పనితో ముడిపెట్టడం. పొతర్ తోలా థింసా ఆడే ముందు విస్తళ్ళు కుట్టే అడ్డాకుల సేకరణ గురించి మాట్లాడుకుంటే కదలికలకు అర్థం తెలుస్తుంది. ఎవరి ఇంట్లో ఏ పని చేస్తారో చెప్పుకోవడం వల్ల తెగల వృత్తుల పట్ల గౌరవం ఏర్పడుతుంది.
3. అందరూ పాల్గొనడం. బాగా ఆడే పదిమందిని ఎంపిక చేయక, తరగతి మొత్తాన్ని, ఉపాధ్యాయునితో సహా, వరుసలో నిలపడం. థింసా సహజ స్వభావం ఇదే.
4. గ్రామ పెద్దలను, వాద్యకారులను పిలవడం. రికార్డు చేసిన పాటకు ఆడినప్పుడు మోరి, తుడుము వాయించేవారు పాఠం నుండి తప్పుకుంటారు. వారిని గౌరవంగా పిలిచి పిల్లల ఎదుట వాయింపజేసి, వాద్యం తయారీ, సంరక్షణ గురించి చెప్పిస్తే, వాద్యకారుల పట్ల ఉన్న చిన్నచూపు కూడా తగ్గే అవకాశం ఉన్నది.
5. నాటికగా విస్తరించడం. సంకిడి కెల్బార్‌ను కథాంశంగా తీసుకొని, పొరుగూరి భాష తెలియని అతిథి వచ్చిన సన్నివేశాన్ని పిల్లలచేత నటింపజేయవచ్చు. ఒకసారి అతిథిగా నటించినవారు మరొకసారి ఆతిథ్యమిచ్చేవారిగా నటించడం వల్ల రెండు పక్షాల అనుభవమూ తెలుస్తుంది.
6. చివర చర్చించడం. ఎవరికి ఏ పాత్ర ఇచ్చారు, ఎవరిని వదిలివేశారు, ఎందుకు అనే ప్రశ్నలు లేనిదే ఆట వినోదంగా మిగిలిపోతుంది.

మైదాన ప్రాంతపు పాఠశాలలలో ఈ నృత్యాన్ని నేర్పేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. అరకు పిల్లలకు థింసా ఇంటి విషయం. పట్టణపు పిల్లలకు అది ఇతరులను గురించిన మొదటి పరిచయం. ఆ పరిచయం తప్పుగా జరిగితే జీవితాంతం అలాగే నిలిచిపోవచ్చు.

## పర్యాటకం, విమర్శలు

1960వ దశకంలో నిర్మించిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం, ఘాట్ రోడ్డు అరకును ప్రసిద్ధ పర్యాటక కేంద్రంగా మార్చాయి. అరకులోని గిరిజన మ్యూజియంలో థింసా నర్తకుల బొమ్మలను కూడా ఏర్పాటు చేశారు. పర్యాటకుల విడిది గృహాలలో థింసా ప్రదర్శనలు జరుగుతాయి. ప్రముఖులు వచ్చినప్పుడు థింసాతో స్వాగతం పలకడం, వారు కూడా నాలుగు అడుగులు కలపడం వాడుకగా మారింది. ఈ ప్రదర్శనల వల్ల గిరిజన మహిళలకు కొంత ఆదాయం లభిస్తున్నది. తమ కళకు బయట గుర్తింపు ఉన్నదన్న తృప్తి కూడా కలుగుతున్నది.

మరొకవైపు కొన్ని మార్పులు కూడా వచ్చాయి. రాత్రి చాలాసేపు సాగే నృత్యం కొద్ది నిమిషాలకు కుదించబడింది. వలయంగా తిరిగే గొలుసు ప్రేక్షకులకు ఎదురుగా నిలిచే వరుస అయింది. అందరికీ ఒకే రంగు చీరలు వచ్చాయి. ఎనిమిది రకాలలో ఏది ఆడుతున్నారో, ఏ తెగవారు ఆడుతున్నారో చెప్పేవారు అరుదు. పురుషులు వరుసలో నుండి తప్పుకొని వాద్యాలకు పరిమితం కావడం ఎక్కువైంది.

పట్టణ పాఠశాలల వార్షికోత్సవాలలో కనిపించే 'గిరిజన నృత్యం' అంశం మరింత విమర్శకు తగినది. పిల్లలకు ఆకులు, ఈకలు కట్టి, ముఖాలకు రంగులు పూసి, సినిమా పాటకు గెంతించడం వల్ల వైవిధ్యం గురించి తెలియకపోగా, గిరిజనులు నాగరికత తెలియనివారన్న పాత అపోహ బలపడుతుంది. చీర కట్టులో, అడుగులో, పాటలో నిర్దిష్టత గల థింసాకు ఈ వేషాలతో పోలిక లేదు. అదే సభలో గిరిజన విద్యార్థి కూర్చొని ఉంటే అతనికి కలిగే బాధను ఊహించవచ్చు.

## ప్రాధాన్యత

తెలుగు జానపద కళలను గ్రంథస్థం చేసినవారిలో మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ముఖ్యుడు. ఆయన గ్రంథం 'తెలుగువారి జానపద కళారూపాలు' 1992లో వెలువడింది. ఇటువంటి కృషి వల్ల కళల వివరాలు పుస్తకాలలో నిలుస్తాయి. కాని థింసా వంటి సామూహిక నృత్యం పుస్తకంలోను, మ్యూజియంలోను ఉన్నంత మాత్రాన బ్రతికి ఉండదు. పక్కవారి చేయి పట్టుకొనే పిల్లలు ఉంటేనే అది సాగుతుంది.

అరకు లోయ పిల్లలు తమ పాఠశాలలో భిన్న తెగల తోటివారితో కలిసి చదువుతున్నారు. భాషలు మాత్రం ఒక్కొక్కటిగా వెనుకకు పోతున్నాయి. ఈ పరిస్థితిలో థింసా రెండు విధాలుగా ఉపయోగపడగలదు. తెగల పేర్లు, మాటలు, వాద్యాలు, వాద్యకారులతో సహా నేర్పినచో, తేడాలను ఉంచుకొనే కలిసి నడవవచ్చునని అది పిల్లలకు చూపుతుంది. అవి లేకుండా అడుగులు మాత్రమే నేర్పినచో అతిథుల కోసం చేసే ప్రదర్శనగా మిగులుతుంది. ఈ రెండింటిలో ఏది జరుగుతుందన్నది ముఖ్యంగా పాఠశాల మీద, ఉపాధ్యాయుల మీద ఆధారపడి ఉన్నది.

## ఇవి కూడా చూడండి

- అరకు లోయ
- ఇటుకల పండుగ
- గదబ
- కువి భాష
- గిడుగు రామమూర్తి
- వీధి నాటకం